దయామణి సాక్ష్యం

5 జనవరి 1986, ఆదివారం

అమ్మ ఈ రోజు బల్లకు లేవలేదు.

హాస్టల్లో నా రూమ్మేటుకు మా ఊరి గుడి సంగతి చెబితే నమ్మేది కాదు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. కాస్తంత రొట్టె, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ముట్టయిన ఆడవాళ్ళు ఆ పూట చాప మీంచి లేవరు. లేవకూడదని ఎవరూ బోధించలేదు, లేవమని మా పాస్టరు కోటయ్య అయ్యగారూ చెప్పలేదు. అమ్మమ్మల కాలం నుంచి అంతే. దాంతో పేటలో ఎవరి ఒంటి సంగతేమిటో నెలకోసారి అందరికీ తెలిసిపోతుంది. కొత్త కోడలు లేవకపోతే అత్తగారి మొహం మాడిపోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

కానీ అమ్మకు ముట్టు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. నేను నరసరావుపేటలో చదువుకుంటుండగా ఆగింది. ఒక పీడ వదిలిందని నవ్వింది అప్పుడు.

గుడి బయట చెప్పులు వెతుక్కుంటుంటే పిచ్చమ్మత్త పట్టుకుంది. ఆవిడ వరసకు నాన్నకు అక్క. మిరపకోతలకు ఆడవాళ్ళను కూడగట్టుకుని తీసుకెళ్ళేది ఆవిడే. ఆ నోటికి జడిసి రైతులు కూడా కూలి దగ్గర పేచీ పెట్టరు.

"ఏమే దయామణీ, మళ్ళా వయసొచ్చిందా ఏంది నీకు? మా తమ్ముడు ఏసోబుతో చెప్పు, మద్రాసు ట్రిప్పులు తగ్గించుకుంటాడు."

"నోరు కడుక్కో వదినా, గుడి కాడ."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

8 జనవరి

అమ్మకు వేడి చేసిందట. మిరపచేలో ఆ ఎండకు ఎవరికైనా చేస్తుందట. మజ్జిగ, సబ్జా గింజలు తాగుతోంది. మాచవరం ఆర్.ఎం.పి. దగ్గర ఏవో ఎర్ర గోళీలు తెచ్చుకుంది.

జువాలజీలో డిగ్రీ చేసిన దాన్ని. కప్ప పునరుత్పత్తి వ్యవస్థ బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తే లెక్చరరు క్లాసంతటికీ చూపించాడు. అమ్మను మాత్రం ఒక్క మాట అడగలేకపోయాను. అడిగితే ఏం చెబుతుంది? వేడే అంటుంది. వేడే అయ్యుంటుంది.

19 జనవరి

నాన్న వచ్చాడు. పిడుగురాళ్ళలో సున్నం ఎక్కించుకుని మద్రాసు వెళ్ళిన లారీ, అటు నుంచి ఇంకేదో సరుకుతో విజయవాడ, మళ్ళీ పిడుగురాళ్ళ. మధ్యలో మేము. ఎంత కడుక్కున్నా ఆయన కనుబొమ్మల్లో సున్నం పోదు. నాకు పౌడరు డబ్బా తెచ్చాడు. అమ్మకు చీర. అమ్మ చీర మడత విప్పి చూసి, మళ్ళీ అదే మడతలో పెట్టేసింది.

ఆయన బయట మంచం మీద పడుకున్నాడు, ఈమె లోపల. అమ్మ ఆయనకు సంగతి చెప్పలేదు. తెల్లారి ఆయన వెళ్ళిపోయాడు.

బి.ఇడి.కి అప్లికేషన్ తెప్పించుకున్నాను. సీటొస్తే గుంటూరు. ఈ ఊళ్ళో నాకు ఊపిరాడదు. చదువుకున్న పిల్లనని కోతకు రానివ్వరు, ఇంట్లో చూస్తే పనేమీ లేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.

2 ఫిబ్రవరి, ఆదివారం

మళ్ళీ లేవలేదు. ఈసారి పిచ్చమ్మత్త ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

ఆరాధన అయ్యాక అయ్యగారు అమ్మను ఆగమన్నారు. "దయామణమ్మా, లెంటు దినాల్లో నీ కోసరం ఉపవాస ప్రార్థన పెడదాం తల్లీ." అమ్మ తలూపింది. దేని కోసరమో ఆయన అనలేదు, అమ్మ చెప్పలేదు. అప్పటికప్పుడు చేసిన ప్రార్థనలో ఆయన వాడిన మాట "నీ దాసురాలి బలహీనత". అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు. ఆ బలహీనత ఏమిటో అందరికీ తెలుసు. గట్టిగా అనడానికి ఒక్కరికీ మాట లేదు. నాకైనా ఎక్కడుంది? ఈ పుస్తకంలో కూడా "అది" అనే రాస్తున్నాను.

14 ఫిబ్రవరి

ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యాయి. అమ్మ పొద్దంతా పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా కోతకు పోతోంది. చీకటి పడ్డాక గంజి.

"తిండి మానేస్తే ఒంట్లో రక్తం ఎట్టా ఊరుద్దే అమ్మా?"

"ఊరి ఏం చేస్తంది, పోవటానికేగా."

24 ఫిబ్రవరి

ఆగింది.

పొద్దున్నే నా దుప్పటి లాగి చెప్పింది, చిన్నపిల్ల పరీక్ష పాసయినట్టు. "ఏమే రాణీ, ఆగిందే. శుక్కరవారం కాన్నుంచి చుక్క లేదు."

దేవుడా, నేను చదువుకున్నదాన్నే. అయినా ఏడుపొచ్చింది.

2 మార్చి, ఆదివారం

అమ్మ బల్లకు లేచింది. అంతకు ముందే, సాక్ష్యాల వేళ, లేచి నిలబడింది.

అమ్మ గొంతు నేను గుడిలో ఎప్పుడూ వినలేదు. పాటల్లో కూడా పక్కవాళ్ళ గొంతు వెనక దాక్కుంటుంది. ఈ రోజు కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, అయ్యగారి వైపు చూస్తూ, "నాకున్న బలహీనతని దేవుడు తీసేశాడు. ఈ బిడ్డల ముందర చెప్తన్నా, పూర్తిగా తీసేశాడు" అంది. అంతే. కూర్చుంది. తర్వాత చప్పట్లు, స్తోత్రాలు, డోలక్కు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇంటికొచ్చే దారిలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఒకామె పసిబిడ్డను తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ ఈ రోజు నడిచినట్టు నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో చూస్తున్నారని తెలిసి నడిచింది.

9 మార్చి

బెల్లంకొండ నుంచి ఎవరో బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "సాక్ష్యం చెప్పిన దయామణమ్మ ఇల్లు ఇదేనా?" కూతురికి ఆయాసమట. అమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు తన చెయ్యి తనే చూసుకుంది.

అమ్మ పాడుతోంది. వంటింట్లో, ఎవరూ అడక్కుండా.

19 మార్చి

ఎర్రగా ఆరబోసిన మిరప కళ్ళంలో పొద్దు కుంకేదాకా రంగు పోయిన తాలుకాయ ఏరాం. ఈ రోజు నన్ను కూడా రానిచ్చారు, మనుషులు చాలక. అందరూ లేచారు. అమ్మ లేవలేదు. గోనెపట్టా మీద అలాగే కూర్చుని, "మీరు పోతా ఉండండి, మేం వస్తాం" అంది.

అందరూ మలుపు తిరిగాక లేచింది. పట్టా మడిచి చంకలో పెట్టుకుంది. ఆమె చీర వెనక మరకను నేను అప్పటికే చూశాను.

"నా ఎనకమాలే రా. ఆనుకొని నడువు."

నడిచాను. ఇంటి దాకా ఆమె వీపుకు నా రొమ్ము తగులుతూనే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"సాక్ష్యం చెప్పిన వారానికే."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"ఎవురికి చెప్పను? లేచి నిలబడి పూర్తిగా తీసేశాడన్నది నేనే గదా." చంకలో పట్టా సవరించుకుని, "నువ్వు కూడా చెప్పబాక. నా మీద ఒట్టు."

30 మార్చి, ఈస్టరు

నలభై దాటాక ఆగినట్టే ఆగి మళ్ళీ కనిపించడం మామూలేనని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు రావడం లేదు. రక్తహీనత ఉన్న మాట నిజం. బెల్లం, వేరుశెనగపప్పు ఉండలు చేసి పెడుతున్నాను.

6 ఏప్రిల్, ఆదివారం

బల్ల. అమ్మ లేచింది.

లేవకపోతే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి లేచింది. నాలుగు మెట్లు ఎక్కుతూ గోడ పట్టుకుంది. రొట్టె అందుకునేటప్పుడు చేతులు వణికాయి. నా పక్కన ఎవరో "ఎంత భక్తో చూడు" అని గుసగుసలాడారు. అది భయమని నాకొక్కదానికే తెలుసు. ఆ స్థితిలో బల్ల ముట్టుకుంటే శాపమని నమ్మే మనిషి నా తల్లి. నమ్ముతూనే ముట్టుకుంది.

పిచ్చమ్మత్త గుడికి రాలేదు. ఒంట్లో నలతగా ఉందట.

17 ఏప్రిల్

అమ్మ నా పక్కన పడుకోవడం మానేసింది. కోళ్ళగూటి పక్కన మంచం వేసుకుంటోంది. గాలి కోసమంది. తర్వాత అర్థమైంది. వచ్చినవాళ్ళు కోళ్ళ కంపు అనుకుంటారని.

వేపాకు కాచిన నీళ్ళతో రెండు పూటలా స్నానం చేస్తుంది. అయినా పోదు. అది ఎలాంటి వాసనో రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను.

20 ఏప్రిల్

ఒట్టు తప్పాను.

కోటయ్య అయ్యగారు పెరట్లో సైకిలు ట్యూబుకు పంక్చరు వేసుకుంటున్నారు. "అమ్మకు తగ్గలేదు అయ్యగారూ" అన్నాను. ఆయన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి అలాగే ఉండిపోయారు.

"మరి బల్ల తీసుకుంది గదమ్మా?"

"తీసుకుంది. మీరు ఒక్క మాట చెబితే ఆసుపత్రికి వస్తుంది. నేను చెబితే రాదు."

"నేను పొమ్మంటే ఊరు ఏమంటదో తెలుసా తల్లీ? నన్నంటే అననీ. ఆ తల్లిని అబద్ధాలకోరు అంటారు. నలభై ఏళ్ళు నోరెత్తని మనిషి. ఒక్కసారి ఎత్తింది."

"చచ్చిపోతే ఏమంటారు?"

ఆయన మళ్ళీ ట్యూబు మీదికి వంగారు. నేను వచ్చేశాను. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని దారంతా ప్రయత్నించాను.

21 ఏప్రిల్

అయ్యగారు పొద్దున్నే వచ్చారు. లోపలికి రాకుండా వాకిట్లో నిలబడి, "ఆసుపత్రికి పోవటం అవిశ్వాసం కాదు దయామణమ్మా. మా ఇంటావిడ రెండో కాన్పు గుంటూరు ఆసుపత్రిలోనే అయింది. మందు కూడా దేవుడిచ్చిందే" అన్నారు.

"నాకేం అయ్యగారూ, నిమ్మళంగానే ఉన్నా" అంటూ అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

24 ఏప్రిల్

అమ్మ నాతో మాట్లాడటం లేదు.

8 మే

ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పిచ్చమ్మత్త చుట్ట వెలిగించుకుంటూ వచ్చి ఎదురుగా చతికిలబడింది. మనిషి తగ్గింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి.

"ఏమే కోడలా, సీటొచ్చిందా? పంతులమ్మవైతే నన్ను గుర్తుపడతావా?"

"నిన్ను ఎవరు మర్చిపోతారత్తా, ఆ నోరుండగా."

నవ్వింది. తర్వాత చుట్ట నేలకు నొక్కి ఆర్పేసింది. ఆవిడ చుట్ట సగంలో ఆర్పడం ఎవరూ చూసి ఉండరు.

"దయామణీ, ఒక మాట అడుగుతా. నీకు ఉపవాసం పట్టిన ఎన్నాళ్ళకి ఆగింది?"

అమ్మ తలెత్తలేదు. "ఎందుకు?"

"నాకూ అయితంది. కోటప్పకొండ తిరనాళ్ళప్పటి నుంచి. ఎవురికీ చెప్పలా. మా అబ్బాయికి అనుమానమొచ్చి గుంటూరు పోదాం పదే అమ్మా అంటే, దయామణికి తగ్గలేదా, నాకెందుకు తగ్గదురా అన్నా. నువ్వు చేసినట్టే చేస్తన్నా. గంజి కూడా మానేశా. అయినా ఆగట్లా. నా ఉపవాసంలో ఏదన్నా లోపముందేమో చెప్పవే. ఈ చుట్టే లోపమా? ఇది కూడా మానేస్తా."

అమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఉంది. ఆమె కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. కారం ఘాటుకో దేనికో.

"నాకు తగ్గలా వదినా."

"ఏందీ?"

"తగ్గలా. రెండు వారాలే ఆగింది. మళ్ళా వచ్చింది. చెప్పలా నేను."

పిచ్చమ్మత్త లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. ఇన్ని తిట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఎక్కడ దాచుకుంటుందో ఆవిడ! రెండు తరాలను వరసగా తిట్టింది. "నీ మాట పట్టుకొని నేను కడుపు మాడ్చుకొని చస్తంటే, నువ్వు బల్లకు లేస్తావుంటివే! నా కొంపకు ఎసరు పెట్టావు గదే! నేను పోయుంటే నా మనవళ్ళకు ఎవురు సమాధానం చెప్పేవాళ్ళే?"

అమ్మ ప్రతి మాటా వింది. ఒక్కటీ కాదనలేదు. తిట్లు అయిపోయాక కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పదండి" అంది. "నువ్వొస్తే నేనూ వస్తా."

నేను బతిమాలితే కదల్లేదు. అయ్యగారు వాకిట్లోకొస్తే కదల్లేదు.

12 మే, గుంటూరు

ఆడవాళ్ళ ఓ.పి. ముందు వరండాలో ముగ్గురం. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. పిచ్చమ్మత్త అటూ ఇటూ తిరుగుతూ అందరి రోగాలూ కనుక్కుంటోంది.

డాక్టరు జరీనా అని, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పెద్ద చదువు చదువుతోందట, ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తోందట. అమ్మను లోపల పరీక్ష చేసి వచ్చి చేతులు కడుక్కుంది. ముక్క తీశారు, పరీక్షకు పంపాలి. తర్వాత స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. నన్ను బయటికి పొమ్మంటుందేమో అనుకున్నాను. "మీరుండండి, నా భాష వీళ్ళకు సగమే అందుతుంది" అంది.

పెళ్ళినాటికి వయసెంత?

"తెలవదమ్మా. పెద్దమనిషిని కాకముందే అయింది. అయినాక కొన్నెల్లకు పంపించారు."

"కొన్నేళ్ళంటే?"

"కొన్నెల్లు" అంది అమ్మ చేతి వేళ్ళు చూపిస్తూ. సంవత్సరాలు కాదు, నెలలు.

మొదటి కాన్పు ఎప్పుడు?

"ఆ మరుసటేడు."

మొత్తం ఎంతమంది?

"పుట్టినోళ్ళా, బతికినోళ్ళా?"

డాక్టరు కలం ఆగింది. "రెండూ."

"పుట్టినోళ్ళు ఎనిమిది. బతికినోళ్ళు ముగ్గురు."

నేను ఎప్పుడూ ముగ్గురమే అనుకున్నాను. నూజెండ్లలో కాపురం చేస్తున్న అక్క, హైదరాబాదులో తాపీపనికి పోయిన అన్న, నేను. నా ముందూ వెనకా ఐదుగురు ఉన్నారని ఇరవై ఒక్కేళ్ళకు తెలిసింది, ఒక స్టూలు పక్కన నిలబడి.

కాన్పు అయ్యాక ఎన్నాళ్ళకు పనికి పోయేవాళ్ళు? ముట్టు గుడ్డలు ఎండలో ఆరేస్తారా, చాటునా? ముందెప్పుడైనా తెల్లమైల కనిపించిందా, ఎవరికైనా చూపించుకున్నారా? పొగాకు?

పొగాకు దగ్గర పిచ్చమ్మత్త అందుకుంది. "తాగుతా. ఉందా నీ కాడ?" డాక్టరు నవ్వేసింది. ఆ గదిలో నవ్విన ఒకే ఒక్కసారి అది.

తర్వాత, మీ ఆయన ఏం చేస్తారు?

"లారీ డ్రైవరు."

ఇంటికి ఎప్పుడొస్తారు? ఆయనకు బయట... డాక్టరు ఆ ప్రశ్నను సగంలో ఆపి నా వైపు చూసింది. మిగతా సగం నేను అడగాలి. నా తల్లిని, నా తండ్రి గురించి. నేను అడక్కుండానే అమ్మకు అర్థమైంది.

"ఆ సంగతి నన్నడిగితే ఏం తెలుస్తదమ్మా. రోడ్డునడగాల."

డాక్టరు రాసుకుంది. "ఆయన్ను కూడా ఒకసారి తీసుకురండి, మాట్లాడాలి."

"ఆయనకెందుకులే" అంది అమ్మ.

పిచ్చమ్మత్తకూ అవే ప్రశ్నలు. అవే జవాబులు, అంకెలు ఒకటీ రెండూ అటూ ఇటూ. మొగుడు రాతిక్వారీ పనికి ఊళ్ళు పట్టి తిరిగేవాడు, ఇప్పుడు లేడు. బయటికొచ్చాక డాక్టరు నాతో విడిగా అంది. "పెళ్ళి లేకుండా మఠాల్లో ఉండిపోయిన ఆడవాళ్ళలో ఈ జబ్బు దాదాపు కనపడదు. చిన్నప్పుడే కాపురం, ఎడతెరిపి లేని కాన్పులు, పేదరికం, ఇవన్నీ కలిసి వస్తాయి. మగవాళ్ళ నుంచి ఏదో క్రిమి సోకుతుందని ఇప్పుడిప్పుడే అంటున్నారు. ఇంకా ఖాయంగా తెలీదు. ఇదొక్కటే కారణమని నేను దేని మీదా వేలు పెట్టలేను. కానీ ఈ వార్డులో ఎవర్ని కూర్చోబెట్టి అడిగినా నాకు ఇవే జవాబులు వస్తాయి."

22 మే

ఇద్దరిదీ అదే.

పిచ్చమ్మత్తది ఇంకా మొదట్లోనే ఉంది, పైపైన. గర్భసంచి తీసేస్తే చాలంటున్నారు. అమ్మది పక్కలకు పాకింది. ఆపరేషను కుదరదు. కరెంటు పెట్టాలి, అంటే రేడియేషన్.

అమ్మ డాక్టరును ఒక్కటే అడిగింది. "ఆ ఉపవాసాలప్పుడు వచ్చుంటే?"

డాక్టరు జరీనా అబద్ధం చెప్పలేదు. "అప్పటికే కొంత ముదిరి ఉంటుందమ్మా. కానీ ఇంతగా ఉండేది కాదు."

అమ్మ తలూపింది. కూరగాయల బేరంలో ధర విని తలూపినట్టు.

పిచ్చమ్మత్త వరండాలో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నన్ను బతికిచ్చి అది పోతదా ఏందే?" నాకు జవాబు తెలుసు. తెలీదన్నాను.

28 మే

నాన్న మద్రాసు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. తల నిండా సున్నం. వార్డు గుమ్మంలో నిలబడి లోపలికి రాడు. ఆడవాళ్ళ వార్డని.

కరెంటుకు ముందు రక్తం ఎక్కించాలన్నారు. నాన్న చొక్కా చెయ్యి మడిచాడు. గ్రూపు కలవలేదు. చెప్పకుండా వెళ్ళిపోయాడు. పారిపోయాడనే అనుకున్నాను, అనుకోవడం హాయిగా కూడా ఉంది. సాయంత్రానికి లారీ స్టాండు నుంచి మౌలాలీ అనే డ్రైవరును, ఇంకొకతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ రక్తం సరిపోయింది.

"ఏమంటన్నారమ్మా డాక్టర్లు? దేనివల్ల వచ్చిందంట?"

ఆయన కళ్ళలోకి చూశాను. చెప్పాలనుకున్న వాక్యం సిద్ధంగా ఉంది, మే పన్నెండు నుంచీ.

"చానా కారణాలుంటాయంట" అన్నాను.

11 జూన్

కరెంటు పెట్టిన రోజుల్లో అమ్మ ఏమీ తినదు. చర్మం నల్లబడింది. పక్క మంచం ఆమెది వినుకొండ వైపు, పత్తిచేల కూలి. అవతలామె సున్నం బట్టీలో పని. అమ్మ వాళ్ళతో గుసగుసగా మాట్లాడుతూనే ఉంటుంది. నేను రాగానే ఆపేస్తుంది.

ఈ రోజు ఆపలేదు. "దీనికి పదకొండు మంది" అంది నాకు పరిచయం చేస్తున్నట్టు. ఆవిడ సిగ్గుపడి నవ్వింది.

బి.ఇడి. సీటొచ్చింది. అమ్మకు చెప్పాను. "పో" అంది. "ఆలస్యం చేయబాక."

25 జూన్

డాక్టరు జరీనా నాతో చెప్పింది. నొప్పి తగ్గుతుంది, రక్తం ఆగుతుంది, కొంతకాలం. ఎంత కాలమంటే చెప్పలేనన్నట్టు చేతులు చాపింది.

అమ్మకు చెప్పనక్కర లేకపోయింది.

6 జూలై, ఆదివారం

ఇంటికొచ్చాక ఇదే మొదటి బల్ల.

నాన్న లారీ ఎక్కకుండా నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మను గుడి దాకా నడిపించుకొచ్చి మగవాళ్ళ చాప మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఆపరేషను అయిన పిచ్చమ్మత్త కడుపు చేత్తో పట్టుకుని వచ్చింది. గుడి నిండింది. గుంటూరు నుంచి దయామణమ్మ వచ్చిందని.

సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దంది.

"మొగోళ్ళందరూ కాసేపు బైటికి పోవాల."

ఎవరూ కదల్లేదు. అర్థం కాలేదు ఎవరికీ.

"అమ్మా దయామణమ్మా..." అన్నారు అయ్యగారు.

"మీరు కూడా అయ్యగారూ."

ఆయన అమ్మ మొహం వైపు కాసేపు చూశారు. రొట్టె మీద గుడ్డ కప్పి, పుస్తకం మూసి, అందరికంటే ముందు తనే బయటికి నడిచారు. ఆయన లేచాక తక్కినవాళ్ళు కూర్చోలేకపోయారు. గొణుక్కుంటూ, దగ్గుతూ లేచారు. నాన్న కూడా లేచాడు.

"నువ్వు కూసో."

నాన్న గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "ఆడోళ్ళ మాటల్లో నేనెందుకే?"

"ఇందులో సగం మాటలు నీయి."

ఆయన బయటున్న మగవాళ్ళ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. వెనక్కి వచ్చి ఖాళీ చాప మీద ఒక్కడే కూర్చున్నాడు. అయ్యగారు బయట నుంచి తలుపు దగ్గరగా వేశారు.

"మార్చిలో ఈడ నిలబడి నాకు తగ్గిందని చెప్పా" అంది అమ్మ. "ఆగింది నిజమే. మళ్ళా వచ్చింది. అది చెప్పలా. దాచి బల్ల తీసుకున్నా. దేవుడు నన్ను ఏమంటాడో ఆయనిష్టం. నా మాట విని పిచ్చమ్మొదిన చావబోయింది. అది మాత్రం నాదే తప్పు."

అప్పుడు మొదలుపెట్టింది. ఏ ప్రశ్నా లేకుండా, ఎవరూ అడక్కుండా. పెళ్ళి ఎప్పుడైందీ, కాపురానికి ఎప్పుడు పంపిందీ. ఎనిమిది మంది పేర్లూ వరసగా చెప్పింది. పేరు పెట్టకముందే పోయిన ఇద్దర్ని పెద్దబిడ్డ, నడిపిబిడ్డ అంది. తెల్లమైల ఎన్నేళ్ళు భరించిందీ చెప్పింది. కోళ్ళగూటి పక్కన మంచం ఎందుకు వేసుకుందో చెప్పింది. "బలహీనత" అనలేదు. దాని పేరు పెట్టే చెప్పింది, గర్భసంచి మూతికి వచ్చిన క్యాన్సరని. తర్వాత రోడ్ల గురించి, లారీల గురించి చెప్పింది. నాన్న వైపు చూడకుండానే, గొంతు పెంచకుండానే. మొగుళ్ళు ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళు మన పేటలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసంది. నాన్న అరచేతుల్లోకి చూసుకుంటూ కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోవచ్చు. తలుపుకు గడియ కూడా లేదు. వెళ్ళలేదు.

"ఆగిపోయినాక మళ్ళా కనపడితే, మొగుడితో ఉన్నాక కనపడితే, వాసనొస్తే, వేడి అనుకోబాకండి. ప్రార్థన చేసుకోండి, బస్సెక్కి చేసుకోండి. మీలో ఎవురికన్నా ఉందా?"

ఒక్కరూ తలెత్తలేదు. చంటిపిల్ల ఒకటి ఏడిస్తే తల్లి రొమ్ము అందించింది.

వెనక నుంచి పిచ్చమ్మత్త అంది. "అట్టా అడిగితే ఎవురు చెప్తారే పిచ్చిదానా. రేపు ఫస్టు బస్సు కాడ నేను నిలబడతా. కలుపుకు పోతన్నట్టు సద్ది మూట కట్టుకొని రండి. ఎవురూ అడగరు."

ఎక్కడో ఒకామె ముక్కు చీదింది. ఇంకెవరో చీదారు. మూడో చాప మీద కూర్చున్న పిల్ల, నాతో బడికి వచ్చిన పిల్ల, పెళ్ళయి నలుగురు బిడ్డలు, అమ్మ వైపే చూస్తోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి.

బయట నుంచి తలుపు మీద మెల్లగా తట్టారు.

"అయిందా తల్లీ?" కోటయ్య అయ్యగారి గొంతు.

అమ్మ ఆ పిల్లనే చూస్తోంది.

"కాలేదయ్యగారూ" అంది. "ఇంకాసేపు బైటే ఉండండి."